కబురు మావయ్య అచ్చేసిన వణుకు అల

కబురు మావయ్య దృష్టిలో లోకంలో పొరపాటు అనేదే లేదు. ఎవరి చేతిలో ఏది చెడిపోయినా దానికో పేరు పెట్టి, 'కొత్త నమూనా' అని పత్రికలో అచ్చేసేవాడు.

ఆ పత్రిక పేరు 'రంగుల కబురు'. నెలకి నాలుగు పేజీలు. చదివేది మార్బ్లింగ్ సంఘంలోని పద్నాలుగు మంది. జిగురు నీళ్లు నింపిన పళ్లెంలో రంగులు చిలకరించి, దువ్వెనతో తిప్పి, పైన కాగితం పరిచి, తేలే రంగుల్ని కాగితం మీదికి ఎత్తుకోవడమే వీళ్ల కళ. సంపాదకుడు, విలేకరి, ఇల్లిల్లూ తిరిగి పంచేవాడు అన్నీ మావయ్యే. ప్రూఫులు దిద్దడం మాత్రం కోడలి వంతు. ఆవిడ ఉద్యోగం లెక్కల పుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో. రెండూ రెండూ నాలుగు కాకపోతే ఆవిడకి అన్నం సయించదు.

"మావయ్యగారూ, 'కండక్టరమ్మ తుమ్ము తార కనిపెట్టారు' అని రాశారేంటండీ? ఆవిడ పళ్లెంలో తుమ్మారు. నేను పక్కనే ఉన్నాను."

"తుమ్మితే ఏమైంది?"

"రంగులు చెదిరిపోయి నక్షత్రాల్లా పడ్డాయి."

"మరి నువ్వే చెప్తున్నావుగా!"

దర్జీ కత్తెర జారి పళ్లెంలో పడితే అది 'కత్తెర సుడి' అయింది. టీచరమ్మ రంగు అంటుకోవడానికి కాగితానికి పట్టించే పటిక నీళ్లు మరిచిపోయింది. కడిగేసరికి రంగంతా కారిపోయి తెల్ల కాగితం మిగిలింది. మావయ్య దానికి 'మౌనం' అని పేరు పెట్టి అరపేజీ రాశాడు.

"ఇది అబద్ధం కదండీ!" అంది కోడలు.

"అబద్ధం కాదమ్మాయ్. కాస్త ముందుగా వచ్చిన నిజం."

ఎదురు వీధిలో ఇదే కళకి ఇంకో పెద్ద సంఘం ఉండేది. గాజు తలుపులు, మెత్తని కుర్చీలు. వాళ్లు 'కబురు' తెప్పించుకుని మరీ చదివేవారు. టీ తాగుతూ నవ్వుకోవడానికి.

ఇలా ఉండగా సంఘంలోకెల్లా పెద్దాయన, డెబ్భై దాటిన కాంపౌండరుగారికి జబ్బు చేసింది. లేచాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఒకప్పుడు ఆయన దువ్వెన లాగితే గీతలు కొలబద్ద పెట్టినట్టు వచ్చేవి. ఇప్పుడు ప్రతి గీతా చలికి వణికినట్టు వచ్చింది. ఆయన దువ్వెన కడిగి, గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ నెల 'కబురు' మొదటి పేజీలో ఇలా ఉంది: "కాంపౌండరుగారి వణుకు అల! చెయ్యి కుదురుగా ఉన్నవాళ్లకి అసాధ్యం!"

కోడలు ఎర్రకలం తీసింది. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు. అక్షరదోషాలు దిద్ది వదిలేసింది.

అసాధ్యం అన్నాక సంఘంవాళ్లు ఊరుకుంటారా? అందరూ చేతులు వణికించడం మొదలుపెట్టారు. దర్జీ అల రంపం పళ్లలా వచ్చింది. "ముప్ఫై ఏళ్లు బస్సులో ఊగినదాన్ని, నాకెందుకు రాదు?" అని కండక్టరమ్మ బయల్దేరింది. ముప్ఫై ఏళ్లూ ఊగకుండా నిలబడ్డం నేర్చుకున్న చెయ్యి కదా, గీత చీపురుపుల్లలా నిటారుగా వచ్చింది. చివరికి అందరూ కాంపౌండరుగారింటికి వెళ్లి, "కాస్త నేర్పండి" అని పట్టుకొచ్చారు.

ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ సంఘం తలుపు తోసుకుని వచ్చింది. పెద్ద గ్రంథాలయంలో పాత పుస్తకాలు బాగుచేసే ఆవిడ. ఒక అపురూపమైన పుస్తకానికి అట్ట లోపలి రంగుల కాగితం చిరిగిపోయిందట. దానికి జోడీ కోసం ఎదురు సంఘానికి వెళ్తే వాళ్లు నలభై కాగితాలు వేసి చూపించారట. అన్నీ మరీ చక్కగా ఉన్నాయట! విసిగిపోయి కూచుంటే, టీ బల్ల మీద 'కబురు' కనిపించింది.

"వణుకు అల వేసేది ఎవరండీ?"

ఎప్పుడూ నోరు మూయని మావయ్య కాంపౌండరుగారి వైపు వేలు చూపించాడు. ఆవిడ వెనకే ఎదురు సంఘం అధ్యక్షుడూ నలుగురు సభ్యులూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు, వేడుక చూడ్డానికి.

"అయ్యో, అదంతా మావయ్య రాతండీ" అన్నాడు కాంపౌండరుగారు.

"ఒక్కసారి వేసి చూపించండి."

కోడలికి తన ఎర్రకలం గుర్తొచ్చింది. ఇది కుదరకపోతే, ఇంతమంది ముందు తలదించుకునేది ఆ పెద్దాయన. ఆ ప్రూఫు వదిలిపెట్టింది తను.

కాంపౌండరుగారు రంగులు చిలకరించాడు. దువ్వెన పట్టుకున్నాడు. చెయ్యి వణికింది. ఆపడానికి ప్రయత్నించకుండా అలాగే ఈ చివరి నుంచి ఆ చివరికి లాగాడు. కండక్టరమ్మ రెండు చేతులతో ముక్కు గట్టిగా పట్టుకుంది. కాగితం పరిచి, ఎత్తి, కడిగారు. గ్రంథాలయం ఆవిడ సంచిలోంచి పాత ముక్క తీసి పక్కన పెట్టింది.

ఏది పాతదో ఏది కొత్తదో తెలియలేదు.

"ఆ రోజుల్లో దీన్ని వేసినాయనకీ చెయ్యి వణికేదన్నమాట" అందావిడ మెల్లగా. "ఇలాంటి పుస్తకాలు ఇంకా ఉన్నాయి, నాకు ముప్ఫై కాగితాలు కావాలండీ. చేసినవారి పేరు పుస్తకాల చివర వేస్తాం."

కండక్టరమ్మ ముక్కు వదిలేసింది. ఆ తుమ్ముకి కిటికీ అద్దాలు అదిరాయి. చప్పట్లు మాత్రం అంతకంటే గట్టిగా మోగాయి.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "మా వాళ్లకి కూడా నేర్పుతారా?"

"దానికేం, రండి" అన్నాడు కాంపౌండరుగారు హుందాగా. "కాకపోతే డెబ్భై ఏళ్లు నిండాలి."

గ్రంథాలయంవాళ్లు 'కబురు' పాత సంచికలన్నీ అడిగారు. మర్నాడు కోడలు వాటికోసం మావయ్య బీరువా తెరిచింది. అడుగున ఒక ఉత్తరాల కట్ట దొరికింది. అన్నీ రాజీనామాలే. "నాకీ కళ రాదు, పేరు కొట్టేయండి" అని కండక్టరమ్మ, తుమ్మిన మర్నాటి తేదీతో. దర్జీది ఒకటి. టీచరమ్మది కన్నీళ్ల మరకలతో. కాంపౌండరుగారిది రెండే మాటలు: "ఇక చాలు." ప్రతి ఉత్తరం వెనుకా మావయ్య చేతిరాతతో ఒక్కో నమూనా పేరు.

ఆవిడ కట్ట పట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

"ఇవి సంఘంలో ఎందుకు చదవలేదండీ?"

"అందులో వార్తేముందమ్మాయ్? అన్నీ పాత సంగతులే" అన్నాడాయన తలెత్తకుండా. ఆయన ముందు తెల్ల కాగితం ఉంది. పొద్దున్నుంచీ ఒక్క అక్షరం పడలేదు. "నిజంగా జరిగినదాన్ని ఎలా రాస్తారు? నాకు అలవాటు లేదు."

కోడలు కుర్చీ లాక్కుని కూచుంది. కలం తీసుకుని రాసింది: "కాంపౌండరుగారి అల గెలిచింది."

మావయ్య చదివి మొహం చిట్లించాడు. "కాస్త చప్పగా లేదూ?"

ఆవిడ ముందు ఇంకో మాట చేర్చింది: "ప్రపంచ చరిత్రలోనే మొట్టమొదటిసారిగా!"

"అయ్యో, ఇది నిజమేనంటావా?" అన్నాడు మావయ్య కంగారుగా.

"ప్రూఫు దిద్దేది నేనే కదండీ" అంది కోడలు.