పల్లవికి ముందు ముక్క

మా పిన్ని పియానో మెట్ల వంక చూడకుండానే వాయిస్తుంది. కళ్లెప్పుడూ పాడే మనిషి వీపు మీదే. భుజాలు కాస్త లేచాయంటే ఊపిరి తీసుకుంటున్నట్టు, వెంటనే పాట అందించాలి. జాజ్ పాడేవాళ్ల పక్కన వాయించడమంటే అదేనట. ఎవరైనా మాటలు మరిచిపోతే, గుర్తొచ్చేదాకా పల్లవికి ముందొచ్చే ముక్కనే తిప్పి తిప్పి వాయించాలి. వినేవాళ్లు అదంతా సొగసనుకుంటారు. అలా ఎంతమంది పరువు కాపాడిందో లెక్కలేదు. "చప్పట్లు వాళ్లకి, నడుంనొప్పి నాకు" అంటుంది.

చాలా ఏళ్లుగా ఒక హోటల్ భోజనాల హాల్లో ఒకే గాయనికి వాయిస్తోంది. వయసు మీరిన ఆ గాయనిని 'మహారాణి' అని వెక్కిరిస్తుంది, ఆవిడంటే ప్రాణం పెడుతుంది. ఈ చలికాలం పిన్నికి కొత్త భయం పట్టుకుంది.

"మహారాణికి మతిమరుపు వస్తోందే," అంది నాతో, గొంతు తగ్గించి. "పాట ఎత్తుకోకుండా నా వంక అదోలా చూస్తోంది. మీ అమ్మమ్మకీ ఇలాగే మొదలైంది. మేనేజరుకి తెలిస్తే మాన్పించేస్తాడు. పాట లేకపోతే ఆ మనిషి బతకదు."

"నువ్వున్నావుగా పక్కన."

"నేనొక్కదాన్ని చాలను. నువ్వూ వచ్చి ముందు వరసలో కూర్చో. మాటలు నీకూ వచ్చుగా, తడబడితే పెదాలు కదుపు."

వెళ్లాను. మేనేజరు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మహారాణి మొదటి పాట ఒక్క మాట పొల్లుపోకుండా పాడింది. చప్పట్లు కొట్టారు. హమ్మయ్య అనుకుని మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను.

పిన్ని వాయించడం మొదలెట్టింది. మళ్లీ అదే పాట.

మహారాణి భుజాలు కదల్లేదు. పిన్ని ఆ ముక్కనే మళ్లీ తిప్పింది. మళ్లీ తిప్పింది. నా వంక చూసి, పెదాలు కదపమని కళ్లతోనే బతిమాలింది. ఎవరికి అందించను?

మహారాణి వెనక్కి తిరిగి పిన్నిని చూసింది. పిన్ని చెప్పిన ఆ చూపే. తర్వాత నెమ్మదిగా ఊపిరి తీసుకుని, అదే పాట మొదట్నుంచీ, అప్పుడే ఎత్తుకున్నట్టు పాడింది.

అయ్యాక మహారాణి నన్ను పక్కకి పిలిచింది. "మేనేజరు అడిగితే, నేనే కావాలని రెండోసారి పాడానని చెప్పాను. మీ పిన్నికి మాత్రం ఏం చెప్పకమ్మా. నాకే మతి పోతోందనుకోనీ."

తల ఊపాను.

ఇంటికి నడుస్తుంటే పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"చూశావా, ఎంతసేపు తిప్పాల్సొచ్చిందో. పాపం మహారాణి. ఎవరికీ తెలియకుండా గట్టెక్కించాం కదూ?"

"గట్టెక్కించాం పిన్నీ," అన్నాను.

మలుపు దగ్గర పిన్ని ఆగింది.

"మనిల్లు ఎటే?"