అత్తమ్మ మందు, నా చల్లటి డబ్బా

తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టి, గోదావరిఖనిలో ఒక ఫ్రిజ్ రిపేరు షాపులో చేరిన ఆ రోజుల్లో నాకు పని తక్కువ, మాటలు ఎక్కువ వచ్చేవి. (ఇప్పుడు పని కూడా వచ్చు. మాటలు తగ్గలేదు.) ఒకరోజు మా ఉస్తాద్ పాడైన నీళ్ల మిషన్‌లోంచి అగ్గిపెట్టెంత తెల్లటి బిళ్ల తీసి, బ్యాటరీకి కలిపి నా చేతికిచ్చాడు. ఒక వైపు మంచు, ఇంకో వైపు సెగ! "లోపల బిస్మత్ టెల్లురైడ్ అని సన్న గింజలుంటయి బేటా, రెండు రకాలు. కరెంటును పోనిస్తయి, వేడిని జల్ది పోనియ్యవు. కరెంటే వేడిని మోసుకపోయి అవుతల పడేస్తది. వైర్లు ఉల్టా పెడితే వేడి గూడ ఉల్టా ఒస్తది, యాదుంచుకో," అన్నాడు. కింద చాయ్ గిన్నె, పైన ఐసుముక్క పెట్టి, అదే బిళ్లతో బొమ్మకారు మోటారు కూడా తిప్పి చూపించాడు. నాకు మోటారు యాదుంది. ఉల్టా సంగతి లేదు.

సరిగ్గా అప్పుడే సెంటినరీ కాలనీలో అక్కావాళ్ల ఫ్రిజ్ చచ్చింది. బావ వాళ్లమ్మకు, అంటే మా అత్తమ్మకు, షుగరు. ఆమె ఇన్సులిన్ చల్లగా ఉండకపోతే పాడవుతుంది. "నేనుండంగ ఫికరెందుకత్తమ్మా!" అని థర్మాకోల్ డబ్బాకు బిళ్ల, ఫ్యాను బిగించి తీసుకుపోయాను. షాపులో చూస్తే చల్లగానే ఉంది. తీరా వాళ్లింట్లో వైరు ప్లగ్గు దాకా అందలేదు. అడాప్టరుకూ బిళ్లకూ మధ్య కోసి, ఇంకో ముక్క అతికించాను. (రెండు తీగలూ నల్లవే. ఏది ఎటో చూడలేదు.) ఫ్యాను వైరు విడిగా ఉంది కాబట్టి బాగానే తిరిగింది. అత్తమ్మ దీవెనలు అందుకుని, అన్నం తిని, వచ్చేశాను.

మర్నాడు నా ఘనకార్యమంతా విని ఉస్తాద్ అడిగాడు: "అతికినంక చెయ్యి పెట్టి చూసినవా?"

ఉల్టా సంగతి అప్పుడు యాదికొచ్చింది. షాపు మోపెడ్ మీద కాలనీకి ఎట్లా చేరానో తెలియదు. దారంతా అత్తమ్మ ఉడికిన మందు పొడుచుకుంటున్నట్టే కనిపించింది. లోపలికి ఉరికి మూత తీశాను. వెచ్చటి ఆవిరి, దాని వెనకే తెల్లటి నురగ, పొంగుతూ నా చేతుల మీదికి!

"అత్తమ్మా! మందు పొంగింది! సూది ఏసుకున్నవా?" అని ఏడుపందుకున్నాను.

అత్తమ్మ నవ్వుతూ గోడకు ఆనుకుంది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన బావ ఆ నురగను వేలితో తీసి వాసన చూశాడు. "మందు గాదురా, దోసె పిండి. మందు పక్కింటోళ్ల ఫ్రిజ్జుల సల్లగున్నది."

"మరి నా డబ్బల పిండెందుకు పెట్టినవ్ బావా?"

బావ బొగ్గుబాయిలో సర్దారు. షిఫ్టు వాళ్లకంటే ముందు దిగి పైకప్పు, గాలి చూసేది ఆయనే. "సర్దారు సూశినంకనే బాయిల మనిషిని దింపుతరు. నీ డబ్బల మా అమ్మ మందును సూడకుంట దింపుతనా? సల్లగుంటే పిండి పొంగది. పొంగిందా లేదా?"

"గింత మంచిగ ఎన్నడు పులువలే బిడ్డా," అంది అత్తమ్మ. "డబ్బ గట్లనే ఉండనియ్యి."

ఆ పూట దోసెలు నేనే ఎక్కువ తిన్నాను. భయం దిగిన కడుపుకు ఆకలి ఎంతుంటుందో అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నాకు సొంత షాపుంది. ఏ పని చేసినా చివరికి దానిమీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు నిలబడతాను. గిరాకీలు దేవుడికి మొక్కుతున్నాననుకుంటారు. కాదని నేను చెప్పలేదు. అత్తమ్మ మాత్రం ఇప్పటికీ, చలికాలం రాగానే, ఫోన్ చేసి ఆ డబ్బా ఫ్యాను తుడిచిపొమ్మంటుంది. పిండి పులవడం లేదట.