తేలిక టాపు మీద మా ఉస్తాద్

ఇందుమూలంగా మేడ్చల్, షామీర్‌పేట ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా, నేటి నుంచి బండ్లకు బాడీలు కట్టే మా షెడ్డులో చాయ్‌లో బిస్కెట్టు ముంచుకోవచ్చును. ఆ నిషేధం పెట్టిన మా ఉస్తాద్ మొన్న శుక్రవారం కన్నుమూశాడు. "తడి తగిలితే ఇడిపోయేది నా ముంగట పెట్టకుర్రి" అనేవాడు. ఏడో తరగతి తప్పిన నాకు రేకు కొట్టడం నేర్పిన మనిషి.

తొంభైల చివర. షామీర్‌పేట పాలాయన తన వ్యానుకు కొత్త బాడీ కట్టమని తెచ్చాడు. అప్పట్లో అందరం దళసరి ఇనుప రేకే కొట్టేవాళ్లం. ఉస్తాద్ బండి చుట్టూ తిరిగి, "గీ బండి తన ఒళ్లు మోసుడికే అలసిపోతాంది. ఇగ పాలెప్పుడు మోస్తది?" అన్నాడు. టాపుకు ఇనుము బదులు రెండు పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యన గట్టి ఫోము. బంక పూసి, రెండు రోజులు ఇసుక బస్తాల కింద పెట్టాడు. మూడో రోజు, నలుగురం మోయాల్సిన టాపును ఒక్కడే నెత్తిన పెట్టుకుని షెడ్డంతా తిరిగాడు! మాకు పండగే. నా నోరు ఊరుకుంటుందా?

"ఉస్తాద్, గిది టాపా, క్రీము బిస్కెట్టా?"

"ఆగు, నీ నోరు గూడ తేలిక జేస్త."

మా షెడ్డులో ఒక ఆచారం ఉంది. బండి అప్పగించే ముందు పనివాళ్లందరం టాపెక్కి ఎగరాలి. సొట్ట పడకపోతేనే కొబ్బరికాయ. ఆ రోజు ఎవరి కాలూ లేవలేదు. పాలాయన మీసం దువ్వుతూ, "సొట్ట పడ్డదంటే బండి గండిమైసమ్మ కాడి షెడ్డుకు తోల్కపోత, ఆడ ఇనుముతోనే కట్టిచ్చుకుంట" అన్నాడు.

"సొట్ట పడితే నేను మళ్ల సుత్తె ముట్ట" అని ఉస్తాద్ చెప్పులు విడిచి ఎక్కేశాడు. పైనుంచి నాకు చెయ్యి చాచాడు. "రా బేటా. నువ్వెక్కితే అందరెక్కుతరు."

పట్టుకుని ఎక్కాను. నా వెనకే మిగతావాళ్లు. ఎగిరాం, దూకాం, తీన్‌మార్ ఆడాం! టాపు దబదబమంది తప్ప లొంగలేదు. చివరికి పాలాయనే, "నన్ను గూడ ఎక్కనియ్యుర్రి!" అని అరిచాడు. తర్వాత బౌరంపేట స్కూలు వ్యాన్లు కూడా మా షెడ్డు ముందు వరస కట్టాయి.

ఇన్నేళ్లూ నేను చెప్పిన కథ ఇదే. ఉస్తాద్ పక్కనే కూర్చుని, విని, తలూపేవాడు. ఒక్కసారీ కాదనలేదు. కాబట్టి ఇప్పుడు నేనే చెప్పాలి: నేను ఎక్కలేదు. చెయ్యి పట్టుకుని ఎక్కాననడం నా కల్పన. ఆయన టాపును నమ్మలేక, చేతులు వెనక్కి కట్టుకుని చక్రం పక్కన నిలబడ్డాను. మిగతావాళ్లు ఎక్కింది ఆయన ఒక్కడే ఎగరడం చూసి.

ఎగరడానికి ముందు, నా కోసం చాచిన చెయ్యి కాసేపు అట్లాగే ఉంచాడు. వేళ్ల మీద ఎండిన బంక తెల్లగా మెరుస్తోంది.