మేకుల చెక్క

పదిహేనేళ్ళ కిందట మూతపడ్డ బారును యజమాని మనవడు మళ్ళీ తెరుస్తున్నాడు. కొత్త గోడలకు పనిగట్టుకుని మసి పూయించాడు. కొత్త బల్లల మీద ఉలితో గాట్లు పెట్టించాడు. పాత బారంటే జనం ఎగబడుతున్నారట. ముప్ఫై ఏళ్ళు అక్కడ గ్లాసులు అందించిన పెద్దాయనకు, తన మేకుల చెక్క పట్టుకుని రమ్మని కబురొచ్చింది.

ఆయన్ని అందరూ మేకుల మామ అనేవారు. తాగడానికొచ్చిన ప్రతివాడి బండి తాళంచెవీ గుమ్మంలోనే తీసుకుని, మేకులు కొట్టిన ఆ చెక్కకు తగిలించేవాడు. వెళ్ళేటప్పుడు ఒకటే ప్రశ్న: "ఇంట్లో ఏం తెమ్మన్నారు?" తడుముకోకుండా చెబితే తాళంచెవి, నీళ్ళు నమిలితే నడక. తిట్టినవాళ్ళున్నారు, చొక్కా పట్టుకున్నవాళ్ళున్నారు. మర్నాడు తాళంచెవి కోసం వచ్చిన ఒక ఇల్లాలు, తన భర్త తెంపిన బొత్తాన్ని ఆయన చొక్కాకు అక్కడే నిలబడి కుట్టి వెళ్ళింది. ఆ బొత్తాం మళ్ళీ ఊడలేదు.

మామ వెళ్ళేసరికి మనవడు గ్లాసుతో ఎదురొచ్చాడు. మధ్యాహ్నం నుంచీ కొత్త సరుకు రుచి చూస్తున్నాడు.

"ఆ రోజులే వేరు కదా మామా. అంతా అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళట."

"ఉండేవాళ్ళు. ఆ మూల ఇద్దరు సొంత అన్నదమ్ములే సీసాలతో తలలు పగలగొట్టుకున్నారు. నేల నేనే కడిగాను."

"భలేవాడివి. రేపు మైకులో చెప్పు. రక్తం వద్దులే."

"చెక్క ఎక్కడ పెడతావు?"

"గోడకి, దీపం కింద. తగిలించడానికి తుప్పుపట్టిన తాళంచెవులు కొన్నాను."

"మరి వచ్చినవాళ్ళవి?"

"వాళ్ళని అడిగితే ఊరుకుంటారా? ఇది చూడ్డానికే మామా."

మామకు ఒళ్ళు మండింది. మసి కావాలి, గాట్లు కావాలి. మనిషిని క్షేమంగా ఇల్లు చేర్చే పని ఒక్కటే వీడికి అక్కర్లేదు. చెక్కను చంకలో పెట్టుకున్నాడు.

మనవడు కారు తాళంచెవి తీశాడు. "వెళ్ళాలి. ఇంట్లో ఏదో తెమ్మన్నారు."

"ఏం తెమ్మన్నారు?"

"అదే... పాలో, పెరుగో. నాకూ పరీక్షేనా?" నవ్వుతూ జేబు తడిమి, భార్య రాసిచ్చిన చీటీ తీశాడు. నవ్వు ఆగిపోయింది.

మామ చీటీ అందుకుని చదివాడు. 'నాలుగింటికి పాపను బడి నుంచి.' గడియారంలో అయిదు నిమిషాలు తక్కువ నాలుగు.

మామ చెయ్యి చాచాడు. మనవడు తాళంచెవి ఆ అరచేతిలో పెట్టాడు. అది మొదటి మేక్కి వేలాడింది.

"బడి రెండు వీధులేగా, నడిచి వెళ్దాం. ముందు నోరు పుక్కిలించుకో."

దేవుడి దయవల్ల పాప ఇంకా గేటు లోపలే ఉంది. ఆయా ఆ పిల్ల సంచి తన భుజానికి తగిలించుకుని తోడుగా నిలబడింది.

"ఆ చెక్కేంటి తాతా?" అంది పాప.

"మీ నాన్న తాళంచెవి దీనికి తగిలించి ఉంది. రేపు పొద్దున మీ అమ్మని మా ఇంటికి పంపించు."

"నేనొస్తాలే మామా," అన్నాడు మనవడు తల దించుకుని.

"అమ్మనే పంపించు తల్లీ," అన్నాడు మామ పాపతోనే.