చెయ్యి దూరేంత ఖాళీ

మా కడియంలో మొక్కలు పెంచేవాళ్ళం పొద్దున్నే లేచి ముందు చూసేది ఫోనులో వాతావరణమే. బంగాళాఖాతంలో ఏం జరుగుతోందో తెలిశాకే నేను మొహం కడుక్కుంటాను. అల్పపీడనం అన్న మాట కనబడితే చాలు, నీడ కోసం కట్టిన నెట్లు విప్పించి చుట్టేస్తాం. ఎత్తయిన మొక్కల్ని గాలికి విరగకుండా వరసగా నేలమీద పడుకోబెడతాం. ఈ విషయంలో నన్ను మించిన పిరికివాడు మా చుట్టుపక్కల నర్సరీల్లో లేడు.

ఆ పిరికితనంతోనే మా ఆవిడ ప్రయాణాన్ని మూడుసార్లు చెడగొట్టాను. తనకి మంచు చూడాలని ఉండేది. "ఏవండీ, పుట్టినప్పట్నించీ ఈ పచ్చదనమే చూస్తున్నాను. మొహం మొత్తేసింది. అంతా తెల్లగా ఉండే చోటికి ఒక్కసారి తీసుకెళ్ళండి" అనేది. కాశ్మీరుకి టిక్కెట్లు కొనేవాళ్ళం. తీరా చలికాలం వచ్చేసరికి సముద్రంలో ఏదో ఒకటి పుట్టేది. "మొక్కల్ని వదిలేసి ఎలా వెళ్తాం? వచ్చే ఏడు చూద్దాంలే" అనేవాణ్ణి. ఆ మూడింటిలో రెండు మా వైపు రానేలేదు. ఒకటి ఒరిస్సా పోయింది, ఇంకోటి సముద్రంలోనే చల్లారిపోయింది. మూడోసారి తను నాతో వాదించలేదు. ప్రయాణం కోసం కొన్న స్వెట్టర్‌ని, ధర చీటీ కూడా తెంపకుండా, బీరువాలో పెట్టేసింది. మరుసటి చలికాలానికి తను లేదు. గుండెపోటు, ఒక్క పూటలో అయిపోయింది.

ఈ ఏడు ఒక్కడికే టిక్కెట్టు కొన్నాను. కొన్న రోజునుంచి ఫోను చూడటం మరీ ఎక్కువైంది. రాజమండ్రిలో గాలి, హైదరాబాదులో మబ్బు, శ్రీనగర్‌లో మంచు, ఏదీ వదల్లేదు. ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు వాన రాకూడదని చూస్తారు. నేను రావాలని చూశాను. ఒక్క అల్పపీడనం పుడితే మర్యాదగా ఇంట్లో కూర్చోవచ్చు. తను చూడని మంచుని నేనొక్కణ్ణే చూడాలంటే సిగ్గుగా ఉంది, భయంగానూ ఉంది.

ముందురోజు సాయంత్రం మా మేస్త్రి వచ్చాడు. ఇరవై ఏళ్ళుగా మా దగ్గరే పని చేస్తున్నాడు.

"రేపు ఎలా ఉంటాదంటండి?"

"పొడిగా ఉంటుందట" అన్నాను, చావు కబురు చెప్పినట్టు.

"అయితే ఇంకేంటండి, ఎళ్ళిరండి. ఒకవేళ గాలొచ్చినా నెట్లు విప్పడానికి మేం లేమాండి?" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "ఆ మూడేళ్ళూ కూడా ఉన్నామండి" అన్నాడు.

మర్నాడు బయల్దేరాను.

రాజమండ్రి నుంచి హైదరాబాదు దాకా రెక్కలకి పంకాలున్న చిన్న విమానం. నాది కిటికీ పక్క సీటు. నా పక్కది ఖాళీ. గోదావరి వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి, ఎక్కడా మబ్బు తునకైనా లేని ఆకాశంలో, విమానం ఊగడం మొదలుపెట్టింది. ముందు మెల్లగా, తర్వాత గతుకుల రోడ్డు మీద లోడు లారీలాగా. బెల్టులు పెట్టుకోమన్నారు. సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను. పట్టుకోవడానికి ఒక మనిషి ఉంటే బాగుండునని గట్టిగా ఏడవాలనిపించింది.

లారీ అనుకోగానే మా ఆవిడ గుర్తొచ్చింది. మొక్కలు ఎన్ని రోజుల ప్రయాణమైనా కుదుపులకి పాడవకుండా కవరుకీ కవరుకీ మధ్య వరిగడ్డి కూరుతాం. లోడు ఎత్తాక ప్రతి వరసలోనూ తను చెయ్యి పెట్టి చూసేది. "చెయ్యి దూరిందంటే మొక్క నిలవదు" అని ఇంకాస్త గడ్డి కూరించేది. తను చూసి పంపిన లారీలో ఒక్క మొక్క విరిగిందన్న మాట నేను వినలేదు.

ఏం ఆలోచించానో తెలియదు, నాకూ పక్క సీటుకీ మధ్య చెయ్యి పెట్టి చూశాను. మోచేతి దాకా దూరింది.

కాళ్ళ దగ్గరున్న సంచిలోంచి ఆ స్వెట్టర్ తీశాను. తోడుగా ఉంటుందని తెచ్చాను, ఎవరికీ చెప్పలేదు. దాన్ని మడతపెట్టి ఆ సందులో కూరాను. తెంపని చీటీ మణికట్టుకి గుచ్చుకుంది. విమానం మాత్రం ఊగుతూనే ఉంది.

సీట్లు పట్టుకుంటూ వచ్చిన విమానం అమ్మాయి నా మొహం చూసి ఆగింది.

"చలేస్తోందా సార్? ఆ స్వెట్టర్ వేసుకోండి."

"నాది కాదమ్మా, మా ఆవిడది."

ఆ అమ్మాయి ఖాళీ సీటు వైపు, తర్వాత వెనకున్న బాత్రూం వైపు చూసింది. "మేడం గారిని తొందరగా వచ్చి కూర్చోమనండి సార్, కుదుపులు ఇంకా ఉంటాయి" అంది.

"అలాగే చెప్తానమ్మా" అన్నాను.