కరెంటు మెట్టుకు పసుపు

ఆ రోజుల్లో నాకు అక్షరం రాదు, రాదన్న సిగ్గూ లేదు. నలభై ఏళ్లకు గ్రానైట్ లారీ దిగి, కరీంనగర్‌లో ఒక సేటు కొన్న కారవాన్‌కు డ్రైవర్‌గా చేరాను. మంచం, పొయ్యి లోపలే ఉన్న బండి. తలుపు తెరిస్తే కింద నుంచి కరెంటు మెట్టు తనంతట తాను బయటికొచ్చేది, మూస్తే లోపలికి ముడుచుకునేది. సేటు తల్లికి (అందరం అవ్వ అనేవాళ్లం) మోకాళ్లు వంగవు. ఆ మెట్టు కోసమే బండి కొన్నాడు. అది ఒక్కసారి మొరాయించినా తాళాలిచ్చి పొమ్మని మొదటిరోజే చెప్పాడు. మెట్టు పక్కన ఏదో కాగితం అతికించి ఉండేది. (కంపెనీ పేరనుకున్నాను.)

నా లెక్కలో తలుపు ముందున్నది గడప. అందుకని ప్రతి శుక్రవారం నూనెలో కలిపిన పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేవాణ్ని. భక్తి తక్కువ కాకూడదని కీళ్లలోకి కూడా వేలు దూర్చి రాసేవాణ్ని. జమ్మికుంట పత్తి మార్కెట్‌లో దూది, ఉట్నూర్ దారిలో దుమ్ము ఆ నూనెకు అతుక్కున్నాయి. ఉట్నూర్‌లో అవ్వ తన చెల్లెలి ఇంటి ముందు దిగబోతే మెట్టు గుర్రుమని జానెడు వచ్చి ఆగింది. ఫ్యూజు మార్చాను, తలుపు పదిసార్లు మూసి తెరిచాను, మెట్టును తన్నాను, దండం పెట్టాను (తన్నిన తరువాతే). సేటు తాళాల కోసం చెయ్యి చాపాడు.

ఈలోగా పిలిపించిన ఎలక్ట్రీషియన్ భాయ్ బండి కిందికి దూరి, కీలును గీకి వాసన చూశాడు.

"ఏమన్నా, దీనికి లగ్గం చేస్తున్నవా? మోటర్ మంచిగనే ఉంది, కీళ్లల్ల పసుపు గడ్డకట్టింది. నూనె పెట్టొద్దని ఈడ రాసే ఉంది గద."

సేటు నావైపు తిరిగాడు. "ఎవరు పెట్టిండ్రు?"

నేను నోరు తెరిచేలోపే తలుపులో కూర్చున్న అవ్వ అందుకుంది. "నేనే పెట్టుమన్న. పసుపు లేని గడప దాటుతనారా నేను?"

సేటు చాపిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. భాయ్ కీళ్లను బ్రష్షుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచాడు. మెట్టు పూర్తిగా వచ్చింది. అవ్వ నా భుజం పట్టుకుని దిగింది.

దయతో అబద్ధమాడిందని చాలాకాలం మురిసిపోయాను. ఒకనాడు ఎందుకని అవ్వనే అడిగేశాను. "దయ లేదు, గియ లేదు బిడ్డా. కొత్తోడొస్తే వానికి నా తీరంత మళ్ల మొదటికెల్లి నేర్పాలె. నువ్వైతే సగం నేర్చినవు" అంది.

అప్పటిదాకా నాకు ఏదైనా వస్తుందని అన్నవాళ్లు లేరు. ఆ వారమే పలక కొన్నాను. అవ్వకు తెలిస్తే మిగతా సగం ఎప్పుడని అడుగుతుందని సీటు కింద దాచాను.