సారవ్వ ముగ్గు

ఇల్లు లేని మనిషి ఎవరి వాకిట్లో ముగ్గు పెట్టాలి? ఇంత వయసొచ్చినా నాకు ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. గోదావరిఖని బస్టాండు పక్కన, మూతపడిన దుకాణం అరుగు మీద పడుకునే సారవ్వ తెల్లారగానే ముందున్న బొగ్గుదుమ్ము ఊడ్చి, సీసాతో నీళ్లు చల్లి, కొంగుముడిలోని పిండితో తామరపువ్వు వేస్తుంది. తడిచేత్తో జుట్టు సవరించుకుని అద్దెగది వెతకడానికి పోతుంది. "మీ ఆయనది ఏ గని?" అంటారు ఇళ్లవాళ్లు. పోయిండనగానే గది ఖాళీ లేదంటారు. రాజకుమారి అనే ఒక్క ఇంటావిడ మాత్రం ఏమీ అడగకుండా తమ వెనకగది చూపించింది. "ఉండు అవ్వా, తాళంచెవి తెస్త" అని లోపలికి వెళ్లింది. ఆ సంబరంలో సారవ్వ గది ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గుకు కూర్చుంది. రాజకుమారి తిరిగొచ్చి చూసి ఆగిపోయింది.

"గీ పువ్వు రోజు బస్టాండు కాడ సూస్త. గాడ పండుకునేది నువ్వేనా?"

"నేనే బిడ్డా. యాడున్నా వాకిలి బోడిగ ఉంచొద్దు గదా!"

"ముగ్గు మంచిగనే ఉన్నది అవ్వా. బస్టాండుల పండేటోళ్లకు ఇల్లిచ్చిందని వాడకట్టంత నన్ను సూసి నవ్వుతది."

తాళంచెవి ఆమె పిడికిట్లోనే ఉండిపోయింది. సారవ్వ మిగిలిన రేకు కూడా గీసి, చేతులు దులుపుకుని, ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచి వెళ్లిపోయింది.